పెన్నా ఇసుక, సముద్రపు ఒడ్డు: తీర అధికారులకు కడప నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ తీర మండల నిర్వహణ సంస్థ అధ్యక్షుల వారికి నమస్కారములు.

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న కడపవాసికి తీరం గురించి ఆరాటమెందుకని తమరు అనుకోవచ్చు. మా జిల్లా మీదుగా పారే పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. వరదతోపాటు అది మోసుకుపోయే ఇసుకే అక్కడి ఒడ్డుకు ఆధారం. మైలవరం, గండికోట, సోమశిల జలాశయాల వద్ద ఆ మేటలో చాలా భాగం ఆగిపోతుండగా, మిగిలిన ఇసుకను ఏటి గర్భంలోనే తవ్వి లారీలకెత్తడం మేము కళ్లారా చూస్తున్నాము. (ఇసుక పోయినచోట మా బావుల్లో నీరు అడుగంటుతుంది, అది మా సొంత బాధ.) కాబట్టి తీర రక్షణ ప్రణాళికలో మొదటి స్థానం నదుల నుంచి సముద్రానికి చేరే ఇసుకకు ఇవ్వాలని, ఏటా ఎంత చేరుతున్నదో కొలిచి ప్రజల ముందుంచాలని నా విన్నపం. కాకినాడ దగ్గరి ఉప్పాడలో కోతను ఆపడానికి వేసిన జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ అలల తాకిడికి దెబ్బతిన్న సంగతి తమకు తెలిసినదే. ఒడ్డుకు ఇసుక అందకపోతే గోడలు ఎంతకాలమని ఆపగలవు?

రెండవ స్థానం ఒడ్డును కాచే మడ అడవులది, అంటే గోదావరి ముఖద్వారంలోని కోరింగవి, కృష్ణా ముఖద్వారంలోనివి.

2019 నాటి తీర నియంత్రణ ప్రకటన జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధ పరిధిని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది గనుక, అనుమతులిచ్చే ముందు మత్స్యకారుల వలలు, పడవలు ఆరే చోటును తెలుగు పటాల్లో గుర్తించి చూపించండి. ఆ చర్చలకు రాయలసీమ జలవనరుల ఇంజనీర్లనూ పిలవండి.

ఇట్లు,
పెన్న ఒడ్డున ఉండే ఒక రైతు, కడప జిల్లా