ఫొటోతో పాటు ప్రశ్న కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

కెమెరా కొత్తగా పట్టినవాళ్లు ఇప్పుడు తీసిన ఫొటోను గంట తిరక్కుండానే ఆన్‌లైన్‌లో పదిమందికీ చూపిస్తున్నారు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ ఫొటోల కింద నడిచే మాటలు చాలావరకు ఎవరికీ అక్కరకు రావడం లేదు. పెట్టినవారు ‘ఎలా ఉంది?’ అంటారు. చూసినవారు ‘సూపర్’ అనో, ‘షార్ప్‌గా లేదు’ అనో రాసి వెళ్లిపోతారు. మొదటి మాటకు మురిసిపోయి, రెండో మాటకు నొచ్చుకుని, మర్నాడు అదే లోపంతో ఇంకో ఫొటో పెడతారు. కొత్తవాళ్లు విమర్శను తట్టుకోలేరని అంటుంటారు గానీ, నా ఉద్దేశంలో అసలు చిక్కు అడిగే పద్ధతిలో ఉంది. దాన్ని సరిచేసుకోవడం కష్టం కాదు.

ముందు ఫైలు సంగతి. తీసినవారి తెరమీద ఒకలా, చూసేవారి తెరమీద మరోలా కనిపించే ఫొటో మీద ఎంత చర్చించినా వృథా. ఎడిటింగ్ యాప్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్ (ఫైలులో రంగులను నమోదు చేసే కొలమానం) ఎస్‌ఆర్‌జీబీలో ఉండాలి. అడోబ్ ఆర్‌జీబీలోనే వదిలేస్తే, ఏ కలర్ స్పేసో ఫైలులో చెప్పే కలర్ ప్రొఫైల్‌ను పట్టించుకోని యాప్‌లలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు ‘రంగులు పేలవంగా ఉన్నాయి’ అని ఎందరు చెప్పినా వాళ్లు చూస్తున్నది మీరు చేసిన ఫొటో కాదు. పొడవాటి అంచు 2048 పిక్సెళ్లు, జేపెగ్ నాణ్యత 80 నుంచి 90 మధ్య ఉంటే సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వెంట్రుకలు, ఆకుల అంచుల వంటి సన్నని వివరాలు చెదిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. అయితే ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండి తీసిన ఫొటో అయితే, తీసిన చోటు వివరం కూడా దాంతోపాటే వెళుతుంది. పిల్లల్ని ఇంట్లో తీసిన ఫొటోలకు, పక్షి గూళ్ల ఫొటోలకు ఆ సమాచారం తొలగించాకే పంపాలి.

రాత్రి చీకటి గదిలో, తెర వెలుగు పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేయడం ఇంకో పొరపాటు. ఫొటో మరీ ప్రకాశంగా ఉందనిపించి తగ్గిస్తారు. తెల్లారి మరొకరి ఫోన్‌లో చూస్తే ముఖాలు నల్లగా ఉంటాయి. ఫొటోలో చీకటి (ఎడమన), వెలుగు (కుడిన) ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్ హిస్టోగ్రామ్. దానికి తెర వెలుగుతో సంబంధం లేదు కాబట్టి, పంపేముందు ఒకసారి అది చూసుకోవాలి. మామూలు వెలుగులో తీసిన ఫొటోలో గ్రాఫ్ మొత్తం ఎడమకు తోసుకుపోయి ఉంటే కన్ను మోసపోయిందన్నమాటే.

ఇక అడగడం. ఒకసారికి ఒకటే ఫొటో పెట్టాలి. పది పెడితే చూసేవారు నచ్చినదానికో మాట అనేసి మిగతావి వదిలేస్తారు. పైగా, తీసినవాటిలో ఏది నిలుస్తుందో ఎంచుకోవడం ఫొటోగ్రాఫర్ పనిలో చాలా పెద్ద భాగం. దాన్ని పరాయివాళ్లకు అప్పగిస్తే ఆ కన్ను ఎప్పటికీ తయారు కాదు. ఫొటో కింద ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరగా చూపిస్తుందో తెలిపే ఎంఎం అంకె), అపర్చర్ (లెన్సు రంధ్రం పరిమాణం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ స్పీడ్ (వెలుగును లోపలికి రానిచ్చిన సమయం), ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) రాయాలి. ఈ వివరాలు ఫైలులో ఉన్నా చాలా వేదికలు అప్‌లోడ్ చేయగానే తీసేస్తాయి. ఆపైన ఏం చూపించాలనుకున్నారో ఒక వాక్యం, ఎక్కడ సందేహం వచ్చిందో ఒక ప్రశ్న.

ఉదాహరణకు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో (35 ఎంఎం ఫిల్మ్ చట్రమంత సెన్సర్ ఉన్నది) తీస్తే ఇలా రాయొచ్చు: ‘కిటికీ వెలుగులో ముఖం ఒక్కటే కనిపించాలనుకున్నాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 ఎంఎం, ఎఫ్/1.8, 1/100 సెకను, ఐఎస్‌ఓ 800. దూరం సుమారు మీటరున్నర. ఒక కన్ను స్పష్టంగా వచ్చింది, రెండోది రాలేదు. ఎందుకు?’ ఇలా అడిగితే తెలిసినవారు లెక్కతో సహా జవాబు చెప్పగలరు. ఆ లెన్సుకు, ఆ అపర్చర్‌కు, ఆ దూరంలో ఫోకస్‌లో ఉండే లోతు మూడున్నర సెంటీమీటర్లకు మించదు. తల కాస్త పక్కకు తిరిగితే రెండో కన్ను ఆ హద్దు దాటిపోతుంది. ఎఫ్/4 పెడితే లోతు ఏడున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కానీ వెలుగు రెండు స్టాపులకు పైగా తగ్గుతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) కాబట్టి అదే షట్టర్ స్పీడ్‌కు ఐఎస్‌ఓ 4000 దాకా వెళ్లాలి, లేదా మనిషిని కిటికీకి దగ్గరగా జరపాలి. రెండు కళ్లూ కెమెరాకు సమాన దూరంలో ఉండేలా ముఖం తిప్పించడం వీటన్నిటికంటే తేలిక. ‘ఎలా ఉంది?’ అని మాత్రమే అడిగి ఉంటే ఇవేవీ బయటికి రావు.

‘షార్ప్‌గా లేదు’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కొత్తవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది, ఎక్కువగా దారి తప్పించేది ఇదే. ఒంట్లో బాగాలేదని మాత్రం చెబితే ఏ వైద్యుడూ మందు రాయలేడు, ఇదీ అంతే. మసకకు కారణాలు అనేకం, ఒకదాని విరుగుడు ఇంకోదానికి పనికిరాదు. ఫొటోను నూటికి నూరు శాతం జూమ్ చేసి చూడండి. ఫ్రేమ్ మొత్తం ఒకే దిశలో అలికినట్టుండి, దీపాల చుక్కలు చిన్న గీతల్లా సాగితే చెయ్యి కదిలింది. 50 ఎంఎం లెన్సుకు ఫుల్‌ఫ్రేమ్‌లో 1/50 సెకను, అంతకంటే చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ సెన్సర్ కెమెరాలో 1/80 సెకను కంటే నెమ్మదిగా పోకూడదన్న పాత లెక్క ఇక్కడ పనికొస్తుంది. వెనకున్న గోడ స్పష్టంగా ఉండి ఆడుతున్న పిల్లాడి చేతులు మాత్రం చెదిరితే కదిలింది కెమెరా కాదు, పిల్లాడు. చేతి కదలికను సరిదిద్దే లెన్సులోని స్టెబిలైజేషన్ ఇందుకు ఏమీ చేయలేదు. షట్టర్ స్పీడ్‌ను 1/500 సెకనుకో అంతకు పైకో తీసుకెళ్లాల్సిందే. కన్ను మసకగా ఉండి చెవి స్పష్టంగా వస్తే ఫోకస్ వెనక్కి జారింది, ఫోకస్ పాయింట్‌ను దగ్గరి కంటి మీద పెట్టాలి.

ఇవేవీ కాకుండా ఫొటో అంతా ఒకే తీరుగా మెత్తబడి, అపర్చర్ ఎఫ్/22 దగ్గర ఉంటే అది డిఫ్రాక్షన్. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు కిరణాలు వ్యాపించి వివరం పలచబడుతుంది. చర్మం మైనం పూసినట్టుంటే నాయిస్ (తక్కువ వెలుగులో వచ్చే చుక్కల గరుకు) తగ్గించే సాఫ్ట్‌వేర్ అతిగా పనిచేసింది, రాత్రి తీసిన ఫోన్ ఫొటోల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. దీపాల చుట్టూ పొగమంచులాంటి వెలుగు వస్తే ముందు ఫోన్ లెన్సు మీద వేలిముద్ర తుడవండి. ఇప్పుడు, చెయ్యి కదిలిన ఫొటోకు ఎవరో ‘అపర్చర్ ఎఫ్/16కి తగ్గించండి’ అని సలహా ఇచ్చారనుకుందాం. ఐఎస్‌ఓ మార్చకుండా అలా చేస్తే షట్టర్ ఇంకా నెమ్మదిస్తుంది, మసక రెట్టింపవుతుంది. ‘ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్ పెంచండి’ అంటే అంచుల చుట్టూ తెల్లని గీతలు తేలతాయి తప్ప పోయిన వివరం తిరిగి రాదు. కారణం చెప్పకుండా ‘షార్ప్‌గా లేదు’ అని వదిలేసేవారు సాయం చేస్తున్నామనుకుంటూనే హాని చేస్తున్నారు.

అభిప్రాయం చెప్పేవారితోనూ ఒక మాట. ఫ్రేమ్‌ను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచాలనే రూల్ ఆఫ్ థర్డ్స్‌ను చట్టంలా అప్పజెప్పడం మానండి. ఆ పేరు 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల చిత్రాల గురించి రాసినప్పుడు వాడినది, అప్పటికి ఫొటోగ్రఫీయే లేదు. మనిషి ఫ్రేమ్ మధ్యలో ఉండటం తప్పు కాదు. మధ్యలో ఉండటం వల్ల ఈ ఫొటోకు ఏం నష్టం జరిగిందో చెప్పగలిగితేనే అది విమర్శ. క్రాప్ చేయడమే నేరమన్నట్టు మాట్లాడేవారూ ఉన్నారు. క్రాపింగ్ అంటే ఇష్టపడని ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ 1932లో పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషన్ వెనక, నీటి మడుగు మీద నుంచి దూకుతున్న మనిషిని తీసిన ప్రసిద్ధ చిత్రం కూడా అడ్డొచ్చిన భాగం కత్తిరించినదే.

అమెరికా నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన విమర్శ పద్ధతి ఒకటి ఫొటోలకు చక్కగా సరిపోతుంది. చూసినవారు ముందు తమను ఆకట్టుకున్నదేమిటో చెబుతారు. తర్వాత చేసినవారు తమ ప్రశ్నలు అడుగుతారు. ఆపైన చూసినవారు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు వేస్తారు. చివరికి, అనుమతి అడిగి, అభిప్రాయం చెబుతారు. ‘బ్యాక్‌గ్రౌండ్ ఎందుకింత గజిబిజిగా ఉంది?’ అనేది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. ‘బ్యాక్‌గ్రౌండ్‌లో ఏం కనిపించాలనుకున్నారు?’ అని అడిగితే కొత్తవాళ్లు ఆలోచనలో పడతారు. తల వెనక నుంచి మొలిచినట్టున్న స్తంభాన్ని అప్పుడు వాళ్లే గమనిస్తారు.

మాట పడ్డాక ఏం చేయాలన్నదే కొత్తవాళ్లకు కష్టంగా ఉంటుంది. ‘అక్కడ వెలుగు లేదు, టైమ్ లేదు’ అని వెంటనే సమాధానాలు రాయకండి. చూసేవారి ముందు ఉన్నది ఫ్రేమ్ ఒక్కటే, దానిలో కనబడని కారణాలు ఫొటోను మార్చలేవు. వచ్చిన మాటల్లో ఏవి తేల్చి చూడదగినవో విడదీయండి. ‘ఆకాశంలో వివరం పోయింది’ అన్నది పరీక్షించదగిన మాట, హిస్టోగ్రామ్ కుడి అంచుకు గుద్దుకుందో లేదో చూస్తే తేలిపోతుంది. ‘నాకు నీలం టోన్ నచ్చలేదు’ అన్నది అభిరుచి. ముగ్గురు నలుగురు విడివిడిగా అదే అంటే పట్టించుకోవాలి, ఒక్కరంటే తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. సలహా ప్రకారం ఇంకో కాపీ తయారు చేసి, పాతదాన్ని చెరిపేయకుండా ఒకరోజు ఆగి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎడిటింగ్‌తో కుదరనిదైతే, వీలైతే అదే చోట అదే వేళకు మళ్లీ తీయండి, ఒక్క అంశం మాత్రమే మార్చండి. అపర్చర్, నిలబడ్డ చోటు, వెలుగు దిశ అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అన్ని సలహాలూ అన్ని ఫైళ్ల మీదా పనిచేయవు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి, సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే 14 బిట్ల రా ఫైలులో 16,384. ‘హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించండి’ అన్న సలహాను పూర్తిగా తెల్లబడిన జేపెగ్ ఆకాశం మీద వాడితే మురికి బూడిద రంగు వస్తుంది గానీ మేఘం రాదు. తర్వాతిసారి ఒక స్టాపు తక్కువ ఎక్స్‌పోజర్‌తో, రా ఫైలు ఉంచుకుని తీయడమే దారి.

నొప్పించే మాట వచ్చిందని పోస్టు తొలగించకండి. ఓపిగ్గా రాసినవారి శ్రమ పోతుంది, అదే సందేహం ఉన్న మరొకరికి జవాబు దొరకకుండా పోతుంది. సరిచేసిన ఫొటోను దాని కిందే పెడితే సలహా ఫలించిందో లేదో అందరికీ తెలుస్తుంది. ఫొటోలోని మనిషి రూపం మీద, రంగు మీద, ఒంటి మీద చేసే వ్యాఖ్యల సంగతి వేరు. అవి విమర్శ కానే కావు, తొలగించి ఆ వ్యక్తిని బ్లాక్ చేయడానికి మొహమాటపడకండి. లైకుల లెక్కకు ఫొటో నాణ్యతకు ముడిపెట్టుకోవద్దు, పెట్టిన వేళను బట్టి, ఫాలోవర్లను బట్టి అది మారిపోతుంటుంది. మీ ఫొటోను మరొకరు ఎడిట్ చేసి చూపించవచ్చో లేదో ముందే రాయండి. చూసేవారు కూడా అడక్కుండా ఆ పని చేయకూడదు.

మీ పత్రికకు ఒక మనవి. లూయీ డగెరే కనిపెట్టిన ఫొటో విధానాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వం 1839 ఆగస్టు 19న లోకానికి వెల్లడించిన సందర్భంగా ఏటా ఆ రోజు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం జరుపుతున్నారు. ఆ రోజైనా, మరెప్పుడైనా పాఠకుల ఫొటోలు అచ్చువేసేటప్పుడు పేరుతో పాటు లెన్సు, అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్‌ఓ వివరాలు వేయండి. దాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం, ఏం మారిస్తే ఇంకా మెరుగయ్యేదో ఒక వాక్యం మీ ఫొటో విభాగం వారితో రాయించండి. ఆ రెండో వాక్యం అచ్చువేయడానికి ఫొటో తీసినవారి సమ్మతి ముందుగా తీసుకోండి. వద్దన్నవారి ఫొటోను వివరాలతో మాత్రమే వేయండి.

ఇట్లు,
ఫొటోగ్రఫీ నేర్పే ఒక పాఠకుడు