లావెండర్ మొక్కల కన్నా ముందు నూనె బట్టీలు కావాలి

సంపాదక మహాశయా,

జమ్మూకశ్మీరులో లావెండర్ అనే సువాసన పూల మొక్క సాగు ఫలించిందన్న వార్తలు పత్రికల్లోనూ సెల్‌ఫోన్లలోనూ చూసి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్ట రైతులు కూడా ఆ మొక్కల కోసం వాకబు చేస్తున్నారు. ఇది గమనించిన కొందరు దళారులు ఊళ్లకు వచ్చి, ఎకరానికి లక్షలు మిగులుతాయని చెప్పి బయానాలు పుచ్చుకుంటున్నారు. కుటుంబమంతా కలిసి కొద్దిపాటి మెట్టలో నిమ్మగడ్డి పెంచి, కళ్లం పక్కనే నూనె తీసి అమ్ముకుంటున్న రైతుగా ఈ విషయంపై కొన్ని మాటలు రాస్తున్నాను.

ఆ సాగు ఫలించిన దోడా జిల్లాలోని భదర్వా కొండ ప్రాంతం. అక్కడ శీతకాలంలో మంచు కురుస్తుంది. లావెండర్‌కు ఆ చలి, నీరు నిలవని సున్నపు నేల, పొడి గాలి కావాలి. ఉక్కపోత, వానాకాలపు చెమ్మ దానికి సరిపడవు, నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే మన తీరం మీద పడ్డాయి. అటువంటి చోట ఈ మొక్కను ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం సాధ్యమని నేను అనుకోను. అయితే భదర్వా నుంచి మనం నేర్చుకోవలసింది వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ సువాసన పంటల కోసం చేపట్టిన అరోమా మిషన్ కింద జమ్మూలోని పరిశోధన సంస్థ అక్కడి రైతులకు మొక్కలతో పాటు నూనె తీసే యంత్రాలను కూడా అందుబాటులో పెట్టింది. మనవాళ్లు ఫొటోల్లో ఊదా పూలను చూస్తున్నారు గాని ఆ యంత్రాలను చూడడం లేదు.

మన ఎర్ర నేలలకు, గట్టు వాలులకు నిమ్మగడ్డి, అటువంటిదే మరో సువాసన గడ్డి అయిన పామారోజా చక్కగా సరిపోతాయి. తొలకరిలో పిలకలు నాటితే సుమారు మూడు నెలలకు మొదటి కోత వస్తుంది, ఆ తరువాత రెండు మూడు నెలలకొక కోత చొప్పున నాలుగైదేళ్లు తీసుకోవచ్చు. ఘాటు వాసన వల్ల పశువులు అంతగా ముట్టవు. లక్నోలోని ఔషధ, సువాసన మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ విడుదల చేసిన మంచి రకాలూ ఉన్నాయి. కాబట్టి పంట పండించడం పెద్ద సమస్య కాదు, చిక్కంతా కోసిన తరువాతే మొదలవుతుంది.

అర టన్ను గడ్డి నుంచి మూడు కిలోల నూనె వస్తే బాగా వచ్చినట్టే. అంత బరువును, గడ్డికి ఆవిరి పట్టి నూనె తీసే బట్టీ దూరంలో ఉంటే అక్కడికి తోలితే కిరాయికే సరి, దారిలో గడ్డి వేడెక్కి నూనె కూడా తగ్గుతుంది. కోసిన గడ్డిని కొన్ని గంటలు నీడన వాడనిచ్చి, ట్యాంకులో సందులు లేకుండా తొక్కి నింపాలి. ఎక్కడైనా సందు ఉంటే ఆవిరి ఆ దారినే పోతుంది, మిగిలిన గడ్డి ఉడకదు. ఆవిరిని చల్లబరిచే కండెన్సర్ నుంచి నీళ్లతో కలిసి వచ్చిన నూనె, రెంటినీ వేరుచేసే సెపరేటర్‌లో పైకి తేలి పసుపు పొరలా నిలుస్తుంది. ఏప్రిల్‌లో చెరువు అడుగంటి, నీళ్లు వేడెక్కినప్పుడు కండెన్సర్ సరిగా చల్లబడక, గాలిలో సువాసన గుబాళిస్తుంది. దారిన పోయేవారు ఎంత బాగుందో అంటారు గాని, ఆ గుబాళించేది మా నూనే. ఇక ఇనుప ట్యాంకులో తీస్తే తుప్పు వల్ల నూనె ఎర్రబడి ధర పడిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు, బాయిలర్ ఒక ఎకరం రైతు కొనగలిగినవి కావు.

నూనె చేతికి వచ్చాక కూడా కొనేవారు అడిగేది, నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ అనే పదార్థం శాతమే. మంచి నిమ్మగడ్డి నూనెలో అది 75 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. ఒక వ్యాపారి మా డబ్బా మూత తీసి, వాసన చూసి, సిట్రాల్ తక్కువుందని చెప్పి ధర తగ్గించాడు. పరీక్ష కాగితం మా దగ్గర లేదు, ఆయన దగ్గరా లేదు. ఆ కాగితం కోసం మేము నమూనాను హైదరాబాదు పంపుకోవలసి వస్తోంది. చిన్న రైతు ఏటా అమ్మే నూనె మీద ఆ ఖర్చు మోయడం కష్టం.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం జిల్లాలోకి అడుగు పెడితే మొగలి పూల నుంచి అత్తరు, నీరు తీసే బట్టీలు ఊళ్లలోనే కనిపిస్తాయి. పువ్వు తెల్లవారకముందే కోసి వెంటనే బట్టీకి చేర్చవలసినది కనుక, బట్టీయే పువ్వు దగ్గరికి వచ్చింది. గంజాం మొగలి పువ్వుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పలాస జీడిపిక్కల వ్యాపారం ఎదిగింది కూడా పిక్క పండే ఉద్దానం పక్కనే కర్మాగారాలు ఉండడం వల్లనే.

అందువల్ల ఉద్యాన శాఖ అధికారులకు, ప్రజాప్రతినిధులకు నా మనవి ఇది. మొక్కల పంపిణీకి పెట్టే సొమ్ములో కొంత తీసి, నిమ్మగడ్డి, పామారోజా వేసిన మండలాల్లో రైతు సంఘాల పేరిట స్టెయిన్‌లెస్ స్టీలు బట్టీలు నెలకొల్పండి. కోత రోజుల వరుస సంఘమే నిర్ణయించుకుంటుంది. నూనె తీసిన గడ్డినే ఆరబెట్టి బాయిలర్‌కు వాడుకుంటే వంటచెరకు ఖర్చు కూడా చాలా వరకు తగ్గుతుంది. రెండు జిల్లాలకు కలిపి ఒక చోటైనా నూనె పరీక్ష యంత్రం, దాన్ని నడిపే మనిషి ఉండాలి. లావెండర్ బయానాలు వసూలు చేస్తున్నవారి విషయంలో, ఆ మొక్క మన వాతావరణంలో బతకగలదో లేదో రైతు సేవా కేంద్రాల ద్వారా ఈ తొలకరికి ముందే రైతులకు చెప్పించండి.

భవదీయుడు,
ఒక నిమ్మగడ్డి రైతు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా