అవి చిరుత పిల్లలు కావు, మన చేలలోని జంగుపిల్లి కూనలు

సంపాదకులకు నమస్కారం.

కంది, వరి కోతలు మొదలయ్యాయంటే చాలు, ‘చేనులో చిరుత పిల్లలు, భయాందోళనలో రైతులు’ అనే వార్త ఎక్కడో ఒకచోట జిల్లా పేజీలోకి ఎక్కుతుంది. పక్కన వేసిన ఫొటోను నిదానంగా చూస్తే చాలాసార్లు అవి జంగుపిల్లి అనే చిన్న అడవిపిల్లి కూనలే. వార్త పాకేసరికి జనం కర్రలతో చేను చుట్టూ మూగుతారు. తల్లి బెదిరి పారిపోతుంది. కూనలు అట్టపెట్టెలో మండల కేంద్రానికి చేరతాయి. పాలు తాగే వయసు కూన తల్లి లేకుండా బతకడం చాలా కష్టం. అనంతపురం, కర్నూలు, కడప వైపు ఈ జంతువుకు అడవి కంటే చేలూ, గట్లూ, కాలువ ఒడ్లే ఎక్కువ ఆధారం. కాబట్టి దాని బతుకు అటవీశాఖ కంటే ముందు రైతు, కూలి, విలేఖరి చేతుల్లో ఉంది.

ముందు గుర్తుపట్టడం తెలియాలి. ఎదిగిన జంగుపిల్లి సాధారణంగా 4 నుంచి 6 కిలోలు తూగుతుంది. ఇంటి పిల్లి కంటే కాళ్లు పొడుగు, తోక పొట్టి. నిలబడినప్పుడు తోక కొస వెనక కాలి మడమ దాటదు. ఒళ్లంతా ఎండుగడ్డి రంగు, మచ్చలుండవు. కాళ్ల మీద మాత్రం లీలగా చారలు కనిపిస్తాయి. తోక చివర నల్ల పట్టీలు, కొస నలుపు. చెవులు పెద్దవి, కొసదేరి ఉంటాయి, కొనల మీద చిన్న నల్ల కుచ్చు ఉంటుంది. చిక్కంతా కూనలతోనే వస్తుంది. వాటి ఒంటి మీద చారలు, చుక్కలు ఉండి, పెరిగేకొద్దీ మాసిపోతాయి. ఆ చుక్కలు చూసే చిరుత పిల్లలనుకుంటారు. చుక్కలు కాదు, చెవులు చూడాలి. చిరుత పిల్లకు చెవులు చిన్నవి, గుండ్రనివి. ముఖం వెడల్పు, పాదాలు ఒంటికి మించి లావు, తోక బాగా పొడుగు. ఇక అడుగుజాడ విషయానికొస్తే, పిల్లిజాతి నడకలో గోళ్ల గుర్తు పడదు. కుక్కకూ నక్కకూ పడుతుంది. తడి గట్టు మీద ఈ ఒక్క తేడా చూసినా సగం అనుమానం తీరుతుంది.

ఇది దట్టమైన అడవిని కోరే జంతువు కాదు. నీళ్లకు దగ్గరగా ఎత్తయిన గడ్డి, దాక్కోవడానికి నాలుగు పొదలు, తినడానికి ఎలుకలు ఉంటే చాలు. కర్నూలు–కడప (కేసీ) కాలువ, తుంగభద్ర ఎగువ కాలువ ఒడ్లలో జమ్మూ రెల్లూ పెరిగిన చోట్లు, పెన్నా, చిత్రావతి వంకల పక్కన కంప, చెరువు వెనక తుంగ, చీనీ (బత్తాయి) తోటల చుట్టూ కంచె పొదలు దీనికి సరిగ్గా సరిపోతాయి. చలికాలంలో పగలు కూడా తిరుగుతుంది. ఎండలు ముదిరితే పొద్దు వాలాకే బయటికి వస్తుంది. ఈనేందుకు గుబురు గడ్డిలోనో, ఏదుపంది వదిలేసిన బొరియలోనో, చెట్టు తొర్రలోనో చోటు చూసుకుంటుంది. పొడుగ్గా పెరిగిన కంది, మొక్కజొన్న, వరి చేలు కూడా దానికి గుబురే. చూలు రెండు నెలలకు కొంచెం పైన. కాన్పుకు మామూలుగా రెండు మూడు కూనలు. కొన్ని నెలలకు అవి తల్లిని వదిలిపోతాయి.

వేటలో దాని పెద్ద ఆయుధం చెవులే. గట్టు మీద కదలకుండా నిలబడి ఒక్కో చెవినీ విడివిడిగా తిప్పుతూ గడ్డి కింద చప్పుడు ఎక్కడుందో కొలుస్తుంది. తర్వాత నాలుగు కాళ్లూ లేపి, పైనుంచి నిటారుగా దూకి ముందరి పాదాలతో అదిమేస్తుంది. పొడుగు కాళ్లు అందుకే. గడ్డిలో పరుగెత్తి ఎలుకను పట్టడం వృథా ప్రయాస, పైనుంచి పడితే ఎలుకకు తప్పుకునే దారి ఉండదు. కౌజులు, కుందేళ్లు, తొండలు, కప్పలు, అప్పుడప్పుడు పాములు కూడా తింటుంది. కానీ పొట్ట నింపేది ఎలుకే. రాజస్థాన్‌లోని సరిస్కాలో చేసిన పరిశీలనలో ఒక జంగుపిల్లి రోజుకు 3 నుంచి 5 ఎలుకలు పడుతుందని అంచనా వేశారు. అంటే ఏడాదికి వెయ్యికి పైనే. వేరుశనగ ఊడ పడి కాయ ఊరే వేళ మెట్ట ఎలుకలు చేసే నష్టం తెలిసిన రైతుకు ఈ లెక్క విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి అదే రైతు పెట్టే మందు దీన్ని ఎలా చంపుతుందో చెప్పాలి. మన దుకాణాల్లో ఎక్కువగా అమ్మే బ్రోమోడయోలోన్ రక్తం గడ్డకట్టనీయని మందు. తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. ఈలోగా అది నీరసించి, బొరియ వదిలి, పట్టపగలు చేనులో తూలుతూ తిరుగుతుంది. జంగుపిల్లికి, గుడ్లగూబకు అంతకంటే తేలికైన వేట ఏముంటుంది? ఆ మందు ఎలుక కాలేయంలో ఉంటుంది, తిన్నదాని కాలేయంలోకి చేరుతుంది, అక్కడ నెలల తరబడి కరగకుండా నిలుస్తుంది. ఒక ఎలుకతో చావకపోయినా పదింటితో పేరుకుపోతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో మన జంగుపిల్లిలాగే పొదల్లో, ఊళ్ల అంచుల్లో బతికే బాబ్‌క్యాట్ అనే పొట్టి తోక పిల్లి ఉంది. 6 నుంచి 15 కిలోల దాకా తూగుతుంది, కుందేళ్లూ ఎలుకలూ దాని తిండి, కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో దాకా వ్యాపించి ఉంది. ఎలాంటి చోటనైనా సర్దుకుని బతకగలదని దానికి పేరు. అయినా లాస్ ఏంజెలస్ పక్కన శాంటా మోనికా కొండల్లో 2002 తర్వాత బాబ్‌క్యాట్‌లు గజ్జితో బక్కచిక్కి వరసగా చచ్చిపోయాయి. పరీక్షించిన వాటి కాలేయాల్లో ఈ రకం ఎలుకల మందులే దొరికాయి. చాలినంత మందు ఒంట్లో చేరితే రక్తస్రావంతో చావు, అంతకంటే తక్కువ చేరినా గజ్జి పురుగును తట్టుకునే శక్తి తగ్గుతుందని అక్కడి శాస్త్రవేత్తలు చెబుతున్నారు. చివరికి 2020లో కాలిఫోర్నియా రాష్ట్రం బ్రోమోడయోలోన్ సహా ఈ తరగతి మందుల వాడకాన్ని చాలావరకు కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. మన జంగుపిల్లుల కాలేయాలను ఎవరు పరీక్షిస్తున్నారు?

ఎలుకల మందు మానేయమని రైతుకు చెప్పడం న్యాయం కాదు. సరిగ్గా వాడితే తక్కువ మందుతోనే పనవుతుంది. పైరు ఎదిగే దశలో, బొరియలు తక్కువగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, ఊళ్లో రైతులంతా కలిసి ఒకేసారి చేయాలి. ఒక్క చేనులో పెడితే పక్క చేను ఎలుకలు వారంలో వచ్చి చేరతాయి. మొదటి సాయంత్రం కనబడిన ప్రతి బొరియనూ మట్టితో మూసేయాలి. మర్నాడు పొద్దున తెరుచుకున్నవే ఎలుకలున్న బొరియలు, మందు వాటిలోనే. ఈ ఒక్క పని చేయనందువల్లే సగం మందు ఖాళీ కన్నాల్లో వృథా అవుతుంది.

జింక్ ఫాస్ఫైడ్ అనే మరో ఎలుకల మందు అయితే రెండు రోజులు మందు లేని నూకలు, నూనె కలిపి అలవాటు చేసి, మూడో రోజు 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు కలిపి, 10 గ్రాముల పొట్లాలు కట్టి బొరియ లోపలికి తోయాలి. అలవాటు చేయకుండా నేరుగా పెడితే కొంచెం కొరికి బతికిపోయిన ఎలుక మళ్లీ ఆ వాసన దరికి రాదు. ఆ పంట కాలంలో రెండోసారి అదే మందు దండగ. ఇది ఒంట్లో పేరుకోదు కాబట్టి పిల్లికీ గుడ్లగూబకూ ముప్పు తక్కువ, అసలే లేదని కాదు. బ్రోమోడయోలోన్ 0.25 శాతం పొడి కూడా ఇదే పాళ్లలో కలిపి 15 గ్రాముల పొట్లాలుగా పెడతారు. దాన్ని మిగిలిపోయిన ఎలుకల కోసం, తప్పనిసరైతేనే వాడాలి. ఏది వాడినా పొట్లం గట్టు మీద పడేయకూడదు, బొరియ లోపలే ఉండాలి. ఆ తర్వాత వారం పాటు రోజూ పొద్దున చేను తిరిగి, చచ్చిన ఎలుకలను చేతికి కవరు తొడుక్కుని ఏరి, మోకాలి లోతు గుంటలో పూడ్చాలి. ఎవరూ చేయని పని ఇదే. పిల్లిని కాపాడేదీ ఇదే. పొగ పెట్టే యంత్రం దొరికితే ఇంకా మంచిది. మందే అక్కర్లేదు. పొగ పెట్టే ముందు కన్నం సైజు చూడండి, పిడికిలి కంటే పెద్ద బొరియ ఎలుకది కాకపోవచ్చు, దాన్ని వదిలేయండి. ఇక పంది, కుక్క చావాలని మాంసంలో పురుగుమందు గుళికలు కలిపి పెట్టడం నేరం. దాని జోలికి ఎవరూ పోవద్దు.

కోతల్లో కూనలు దొరికితే ఏం చేయాలి? చేతులతో ఎత్తకండి. ఆ చోట ఒక కర్ర పాతి, చుట్టూ పది అడుగులు కోయకుండా వదిలి, మిగతా చేను కోసుకోండి. కోత యంత్రం అప్పటికే ఆ చోటు దాటేసి, కూనలు ఎండలో పడి ఉంటే శుభ్రమైన గుడ్డతో పట్టుకుని, మూత లేని వెదురు బుట్టలో ఎండుగడ్డి వేసి, దొరికిన చోటే నీడ పట్టున ఉంచండి. బుట్ట అంచు జానెడుకు మించకూడదు, తల్లి నోట కరుచుకుని దాటాలి కదా. పాలు పట్టొద్దు. ఆవు పాలకు విరేచనాలు పట్టుకుని ఒకటి రెండు రోజుల్లోనే నీరసించిపోతాయి. పొద్దు గూకేలోగా మనుషులు, కుక్కలు ఆ చుట్టుపక్కల లేకుండా చూడండి. టార్చిలైట్లు, సెల్‌ఫోన్లు వద్దు. తల్లి చీకటి పడ్డాక వచ్చి ఒక్కో కూననే మోసుకుపోతుంది, కాబట్టి పొద్దునకు ఒకటి మిగిలిందని దిగులు పడి ఊళ్లోకి తేవద్దు, ఇంకో రాత్రి ఆగండి. అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు మాత్రం మొదటి గంటలోనే ఫోన్ చేయండి. కూనకు గాయమై ఉంటే ఎక్కడికి తరలించాలో వాళ్లే చూస్తారు. 1972 వన్యప్రాణి చట్టం కింద దీన్ని చంపడమే కాదు, ముద్దుగా ఉందని ఇంట్లో పెంచుకోవడం కూడా నేరమే.

కోళ్లను ఎత్తుకుపోతుందన్న కోపం నిజమైనదే. గూటికి అంగుళం కన్నాల కోళ్ల వల కట్టి నిశ్చింతగా ఉంటారు. పిల్లి ఆ కన్నంలోంచి పంజా పెట్టి వల పక్కన పడుకున్న కోడిని లాగుతుంది. అరంగుళం వెల్డుమెష్ కట్టాలి, అడుగున జానెడు లోతు భూమిలోకి దించాలి, పైకప్పు కూడా మూయాలి, తలుపుకు తాడు కాకుండా గడియ పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం చీకటి పడక ముందే కోళ్లను మూయడం.

గట్టు లేని పాత బావులు మరో చావు. బావి చుట్టూ మూడు అడుగుల గోడ కట్టలేకపోతే కనీసం లోపలికి మొరటు బెరడున్న పొడుగాటి కొమ్మనో, గోనెపట్టా చుట్టిన నిచ్చెననో ఏటవాలుగా దించి ఉంచండి. పడ్డది రాత్రికి దానంతటదే ఎక్కిపోతుంది. గుమిగూడి రాళ్లేస్తే ఎక్కేది కూడా జారి పడుతుంది. వేసవి ముందు గట్లు కాల్చే అలవాటు కూడా మానాలి. ఎలుకలు బొరియల్లో భద్రంగానే ఉంటాయి, కాలిపోయేది పైన గడ్డిలో దాగిన కూనలు, కౌజు గుడ్లు.

ఇంకా చిన్నది, తుప్పురంగు మచ్చల పిల్లి, నల్లమలలో ఉంది. ఎదిగినా దాదాపు కిలోన్నరే, భారత్, శ్రీలంక, నేపాల్‌లలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్లీ కనబడిన కడప జిల్లా లంకమల దిక్కు ముళ్లపొదల చిట్టడవి లాంటివే దానికీ అనువు. అలాంటి నేలను రికార్డుల్లో బంజరు అని రాసుకుని ఏ పనికైనా ఇచ్చేస్తున్నాం. ఓర్వకల్లు దగ్గరి గని–శకునాల లాంటి వేల ఎకరాల సోలార్ పార్కులు వచ్చే చోట కంచె అడుగున ప్రతి వంద అడుగులకూ జానెడు ఎత్తు సందు వదిలినా, లోపల వంకల వెంబడి పొదలు కొట్టేయకున్నా చిన్న జంతువులకు దారి మిగులుతుంది. దీనికి ఖర్చు దాదాపు ఏమీ లేదు. కొత్త పార్కుల అనుమతుల్లోనే ఈ షరతు రాయాలి.

చివరగా పత్రికకు ఒక మనవి. ‘చిరుత పిల్లలు’ అని వార్త అందినప్పుడు ఫొటోను అటవీ రేంజ్ ఆఫీసర్‌కు పంపి, జవాబు వచ్చాకే అచ్చు వేయండి. కోతల నెలల్లో జిల్లా పేజీ మూలన రేంజ్ ఆఫీసుల ఫోన్ నంబర్లు ఒక చిన్న పెట్టెలో రోజూ వేయండి. రైతు సేవా కేంద్రాల్లో ఎలుకల మందు అమ్మేటప్పుడు బొరియలు మూసి చూసే పద్ధతి, చచ్చిన ఎలుకలు పూడ్చే పద్ధతి ఉన్న కరపత్రం చేతికివ్వాలని వ్యవసాయ శాఖను మీ ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
వన్యప్రాణి పరిశీలకులు,
అనంతపురం