విషయం: పంక్చర్ గురించి కాదు, మీరు ఫోన్ ఎత్తకపోవడం గురించి

మేనేజర్ గారికి (మీకు పైన ఎవరైనా ఉంటే వాళ్లకి కూడా),

టైరు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. విజయవాడలో మీ షాపులో వెనక టైరుకి పంక్చర్ వేయించాను. లోపల మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారంలో ఉండే రబ్బరు అతుకు) వేశామని 650 రూపాయలు బిల్లు ఇచ్చారు. మర్నాడు హైదరాబాద్ వెళ్తుంటే కోదాడ దాటాక గాలి మొత్తం దిగిపోయింది. మా అమ్మని ఎండలో నిలబెట్టి స్టెప్నీ మార్చుకున్నాను. సూర్యాపేటలో పంక్చర్ షాపాయన సబ్బు నీళ్లు పోస్తే మేకు దిగిన చోటే బుసబుసా బుడగలు. టైరు ఊడదీసి చూపించాడు, లోపల ప్యాచ్ లేదు, పైనుంచి గుచ్చిన స్ట్రిప్ ముక్క ఒక్కటే ఉంది. "దీనికి ఆరొందల యాభయ్యా సార్?" అని నవ్వాడు. ఆయన 150కి వేసిన ప్యాచ్ ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.

సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కమన్నారు, నొక్కాను, హిందీలో మాట్లాడారు. నా కాల్ మీకు చాలా ముఖ్యమట, ఇరవై నిమిషాలు పాట వినిపించి మరీ చెప్పారు. మొదటి అమ్మాయి బిల్లు ఫోటో పంపమంది, పంపాను. రెండోసారి ఎత్తిన అబ్బాయి ఏ ఫోటో అన్నాడు. మూడో ఆయన బ్రాంచ్‌తో మాట్లాడుకోమన్నాడు. బ్రాంచ్‌కి వెళ్తే మేనేజర్ గారు భోజనానికి వెళ్లారు, సాయంత్రం నాలుగున్నరకి కూడా ఆ భోజనం అవలేదు. కౌంటర్‌లో కుర్రాడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా, "బయట చేయించుకున్నారు కాబట్టి మాకు సంబంధం లేదు" అన్నాడు. మరి కోదాడ దగ్గర రోడ్డు మీద మీ కోసం టెంట్ వేసుకుని కూర్చోవాలా? అదే రాత్రి మెసేజ్ వచ్చింది, నా ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైందట, అయిదు స్టార్లు ఇవ్వమట!

2017 నుంచి మీ దగ్గరికే వస్తున్నాను. రెండు సెట్లు టైర్లు, ఆరునెలలకోసారి అలైన్‌మెంట్, మా బావగారి కారు కూడా నేనే పంపించాను, ఇప్పుడు ఆయన ముందు నాకే తలవంపులు. ఆ 650 వెనక్కి ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానండి. తప్పయిందని మనిషి ఒకరు ఫోన్ చేయడానికి మూడు వారాలు చాలలేదా?

సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, నాకేమో రిటైరయ్యాక బోలెడంత ఖాళీ. మీ బిల్లు, మీ మెసేజ్, ఆ స్ట్రిప్ ముక్క ఒకే కవర్లో పెట్టి బీరువాలో దాచాను.

ఇట్లు,
మీ "విలువైన కస్టమర్" (మీ మెసేజ్‌లో మాటే)