పాకెట్ బైక్ కొంటున్నారా? ముందు ప్లాస్టిక్ తొడుగు విప్పించండి

సంపాదకులకు,

అయ్యా,

సెలవులకో పుట్టినరోజుకో పిల్లలకు పాకెట్ బైక్ కొనిపెట్టే తల్లిదండ్రులు ఇప్పుడు మన పట్టణాల్లోనూ ఉన్నారు. మోకాలెత్తు బండి, 49 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, తాడు లాగితే స్టార్ట్. కొనేవాళ్లు ఎంత స్పీడు పోతుందని, ఏ రంగులున్నాయని అడుగుతారు. వెల్డింగ్ అతుకులెలా ఉన్నాయని అడిగేవాళ్లు అరుదు. అట్టపెట్టెలో వచ్చిన ఈ బండిని పూర్తయిన బండి అనుకోవద్దు. హ్యాండిల్ మనమే బిగించుకోవాల్సి వస్తుంది, మిగతా నట్లు సగం బిగువుతోనే ఉంటాయి. పెట్రోలు పోసేలోపు పానా పట్టుకుని ఒక గంట దాని దగ్గర కూర్చోవాల్సిందే.

మొదట స్క్రూలు తీసి ప్లాస్టిక్ తొడుగు పక్కన పెట్టండి. హ్యాండిల్ తిరిగే మెడ గొట్టం ఫ్రేముకు అతికిన చోట సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడండి. మంచి వెల్డింగ్ చేప పొలుసుల్లా వరుసగా, గొట్టం చుట్టూ ఎక్కడా తెగకుండా ఉంటుంది. పూసల్లా పైకి ఉబ్బి ఉంటే లోహం లోపలికి కరిగి దిగలేదన్నమాట. సూదిమొనంత రంధ్రాలు, అతుకు అంచున గొట్టాన్ని తినేసినట్టు గాడి, సగం చుట్టి వదిలేసిన అతుకు, వీటిలో ఏది కనిపించినా బండి వెనక్కి ఇచ్చేయండి. రంగు మీద వెంట్రుకంత గీత, దాని వెంట తుప్పు చార ఉంటే పగులు మొదలైనట్టే. ఇంజన్ కూర్చునే పట్టీలు, వెనక ఇరుసు పట్టే చెవుల దగ్గర కూడా ఇలాగే చూడాలి. వీధి చివర షాపులో మళ్లీ వెల్డింగ్ కొట్టిద్దాం అనుకోవద్దు. ఆ వేడికి మెడ గొట్టం వంకర పోతే బండి ఒక పక్కకు లాగుతుంది, పిల్లాడి చేతుల్లో అది నిలవదు.

తర్వాత బ్రేకులు. డిస్కు కనిపించగానే పెద్ద బైక్ బ్రేకు అనుకుంటారు. వీటిలో చాలావరకు ఆయిల్ ఉండదు, సైకిల్లాగా వైరే లాగుతుంది. ఆ వైరును పట్టి ఉంచేది ఒక చిన్న బోల్టు. బోల్టు పక్కనే వైరు మీద పెన్నుతో గుర్తు పెట్టి, లివర్‌ను గట్టిగా పదిసార్లు నొక్కండి. గుర్తు కదిలితే వైరు జారుతోందని అర్థం, అలాగే వదిలేస్తే అవసరమైన రోజున లివర్ గ్రిప్పుకు తగులుతుంది గానీ బండి ఆగదు. ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే మెడ దగ్గర టక్కుమని శబ్దం రాకూడదు. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడా పట్టినట్టు ఆగకూడదు.

ఇరుసులకు, డిస్కును నొక్కిపట్టే బ్రేకు కాలిపర్లకు వేసిన బోల్టుల తల మీద 8.8 అని ఉందేమో చూడండి, అది బోల్టు బలాన్ని చెప్పే అంకె. ఏ అంకే లేని మెత్తటి బోల్టుకు పానా వేయగానే మూలలు అరిగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో 8.8 బోల్టులు, లోపల నైలాన్ రింగు ఉండి వదులవ్వని నైలాక్ నట్లు తెచ్చి మార్చుకుంటే ఖర్చు పెద్దగా కాదు. ఈ ఇంజన్ అదురుకు మామూలు నట్లు నిలవవు.

చైన్ మధ్యలో వేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు కిందికి పోవాలి. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల నొక్కి చూడండి. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులు అయితే వెనక పళ్ల చక్రం మధ్యకు లేదు. అలాంటి చైన్ పళ్ల మీంచి జారి చక్రాన్ని పట్టేస్తుంది. చైన్ గార్డు లేని బండిని పిల్లల దగ్గర పెట్టనే పెట్టొద్దు.

ఇంజన్ స్టార్ట్ చేసి, వెనక చక్రం గాలిలో ఉంచి స్లోలో వదలండి. చక్రం తిరుగుతుంటే స్లో స్క్రూ తగ్గించండి. అప్పటికీ తిరిగితే క్లచ్ స్ప్రింగులు బలహీనం, అంటే బ్రేకు వదలగానే బండి తనంతట తానే కదులుతుంది. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా ఇంజన్ రేజ్ కాకూడదు. అయిందంటే యాక్సిలరేటర్ వైరు పొడవు చాలట్లేదు. గ్రిప్పు వదిలినా ఇంజన్ చప్పుడు దిగకుండా హెచ్చుతగ్గులుగా ఊగుతుంటే కార్బురేటర్ ప్యాకింగ్ దగ్గర గాలి పీలుస్తోంది. అలాగే నడిపితే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కిల్ స్విచ్ నొక్కిన క్షణమే ఇంజన్ ఆగాలి. ఆగకపోతే ఆ వైరు సరిచేసేదాకా పిల్లల్ని ఎక్కించొద్దు.

లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలపాలి. ఒట్టి పెట్రోలు పోస్తే కొన్ని నిమిషాల్లోనే ఇంజన్ పట్టేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమ పీలుస్తుంది, రబ్బరు గొట్టాలనూ పాడు చేస్తుంది. కాబట్టి కలిపిన పెట్రోలు ట్యాంకులో వారాల తరబడి ఉంచొద్దు. మొదటి అరగంట నడిపాక నట్లన్నీ మళ్లీ బిగించాలి.

చివరగా చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగు కంటే తక్కువ చక్రాల బండికి మినహాయింపు ఇచ్చింది 25 సీసీ దాటని ఇంజన్ అయితేనే. 49 సీసీ బండి రిజిస్ట్రేషన్ లేకుండా కాలనీ రోడ్డెక్కినా తప్పే. మైనరు నడిపి నేరం జరిగితే 2019 సవరణ ప్రకారం సంరక్షకుడికి 3 ఏళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. దీన్ని ఆటబొమ్మ అని చెప్పి అమ్మేవాళ్లు ఈ మాట బిల్లు మీద ఎందుకు రాయరు? రవాణా శాఖ అధికారులు రాయించాలి. తొడుగు విప్పి అతుకులు చూపించకుండా ఏ దుకాణమూ ఈ బండి అమ్మకుండా చూడాలి.

ఇట్లు,
టూ వీలర్ మెకానిక్‌లు,
ఆటోనగర్, విజయవాడ