అమ్మలూ, నీ మంచు వ్యాపారి సంగతి మళ్ళీ చదివా

అమ్మలూ,

ఎలా ఉన్నావమ్మా. ఇక్కడ అందరం బానే ఉన్నాం. అమ్మ మోకాలు కాస్త నయం, మేడ ఎక్కొద్దంటే వినదు, వడియాలు ఎండబెట్టడానికి రోజూ ఎక్కుతోంది. గౌరి ఈనింది, పెయ్యదూడ. నువ్వు పని మీద ఉంటావు, ఫోన్ చేస్తే అడ్డం అవుతుందేమో అని ఇలా టైప్ చేస్తున్నా, రెండు రోజుల్నించీ కొంచెం కొంచెంగా. ప్రత్యేకంగా ఏం లేదు, ఊరికే.

సంక్రాంతికి నువ్వు పంపిన ఫైలు ఉంది కదా, ఆ బోస్టన్ మంచు వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ మీద రాసిన చాప్టరు, మళ్ళీ మొదట్నించీ చదివా. అర్థం కాని చోట వంశీని కూర్చోబెట్టుకున్నా. ముప్పై నాలుగేళ్ళు రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసిన చెయ్యి ఇది, అందుకేనేమో నాకు ఆయన మంచు కంటే ఆయన కాగితాల మీదే ధ్యాస పోయింది. ఆ రోజుల్లో అక్కడ మనిషి పోతే కోర్టు వేసిన ముగ్గురు ఇల్లంతా తిరిగి కుర్చీలు, వెండి చెంచాలు, గుర్రం, రావాల్సిన బాకీలు అన్నిటికీ రేటు కట్టి లిస్టు రాసేవాళ్ళని చెప్పావు చూడు, అది నాకు చాలా నచ్చింది. మన వీలునామాల్లో "నా స్థిర చరాస్తులు యావత్తూ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, తర్వాత కొడుకులు ఇత్తడి గంగాళం దగ్గర కొట్టుకుంటారు. కానీ లిస్టులో ఆస్తి ఒక్కటే రాస్తే చాలదు అమ్మలూ, అప్పు కూడా రాయాలి. నేను రాసిన పంపకాల్లో చాలా గొడవలు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచిన ప్రోనోట్ల దగ్గరే మొదలయ్యాయి. మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా.

టైముకి తింటున్నావా? అక్కడ ఇంకా చలి అని టీవీలో చూపించారు. అమ్మ ఇచ్చిన ఉన్ని స్వెట్టరు లోపల వేసుకో, పైన కోటు ఉంది కదా అని ఊరుకోకు.

మొన్న కొత్తపేట పెళ్ళిలో రాజ్యం అత్తయ్య కలిసింది. వాళ్ళ చిన్నోడు ఏదో అన్నాట్ట, నువ్వు ఆ రూము ఖాళీ చేశావని, ఎవరో ఫ్రెండు ఇంట్లో ఉంటున్నావని, స్టైపెండు సంగతి కూడా ఏదో. రాజ్యం సంగతి తెలిసిందేగా, గోరంత ఉంటే కొండంత చేస్తుంది. నేను పట్టించుకోలేదు. అమ్మకైతే అసలు చెప్పలేదు.

సరే ట్యూడర్ దగ్గరికి వస్తా. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, 1806లో సొంతంగా 4,750 డాలర్లు పెట్టి ఫేవరిట్ అనే ఓడ కొని, వాళ్ళ చెరువుల్లో గడ్డకట్టిన మంచు కోయించి, చలి అంటే తెలియని మార్టినిక్ దీవికి అమ్మకానికి తీసికెళ్ళడం ఏమిటి! బోస్టన్ పేపరు ఎగతాళి చేసింది. తీరా వెళితే అక్కడ మంచు దాచే గది లేదు, కొన్నవాళ్ళకి దాన్ని ఏం చేసుకోవాలో తెలీదు, ఒక తోట యజమానికి దగ్గరుండి ఐస్‌క్రీం చేయించి చూపిస్తే గానీ నమ్మలేదు. మొత్తం మీద వేల డాలర్ల నష్టం. అటు తండ్రి చూస్తే జాన్ ఆడమ్స్ దగ్గర లా నేర్చుకుని వాషింగ్టన్ సైన్యంలో పనిచేసిన పెద్ద లాయరు, ఆయన దక్షిణ బోస్టన్ భూముల మీద పెట్టి పోగొట్టుకున్నాడు. రేటు పెరుగుతుందని భూమి కొని మునిగినవాళ్ళని నేను ఎంతమందిని చూశానో.

ట్యూడర్ 1805లో మొదలుపెట్టిన మంచు వ్యాపారం డైరీ మీద రాసుకున్న మాట, మొదటి దెబ్బకే వెనక్కి తగ్గి రెండో దెబ్బ కొట్టకుండా ఆశ వదులుకునేవాడు యుద్ధంలో గానీ ప్రేమలో గానీ వ్యాపారంలో గానీ ఎప్పటికీ వీరుడు కాలేడు అని, అది నువ్వు నీ గోడకి అంటించుకున్నానని చెప్పావు. మంచి మాటే, కాదనను. కానీ నాకు అందులో ఒక పేచీ ఉంది. రెండో దెబ్బ కొట్టే ముందు మొదటి దెబ్బ తగిలిందని ఇంట్లో ఒకళ్ళకి చెప్పాలి. ఆయన కూడా ఒక్కడే నెగ్గుకు రాలేదు కదా. అప్పుల వాళ్ళు 1812లోనూ మళ్ళీ మరుసటేడూ జైల్లో పెట్టించారు, తర్వాత కొన్నేళ్ళకి మనసు చెదిరి మంచాన పడితే వ్యాపారం చూసింది ఎవరు, బావగారు రాబర్ట్ గార్డినరు. ఆ బావకి ఆయన రాసిన ఉత్తరాల గురించి నువ్వే గంట చెప్పావు. రెండు వందల ఏళ్ళ తర్వాత నా కూతురు హార్వర్డ్‌లో ఆ బేకర్ లైబ్రరీలో కూర్చుని ఆయన బాకీలు లెక్కపెడుతోందంటే, ఆయన ఏదీ మింగకుండా రాసుకున్నాడు కాబట్టే కదా.

నువ్వు ఐదు వారాల్నించీ బొటనవేలు బొమ్మలు తప్ప ఏం పంపట్లేదు. బిజీ అని తెలుసు.

రంపపు పొట్టు సంగతి చదివితే మన నూకరాజు సోడా కొట్టు గుర్తొచ్చింది. ఎండాకాలం కాకినాడ నుంచి బస్సు మీద ఐసు దిమ్మ వచ్చేది, గోనె సంచి, లోపల రంపపు పొట్టు, పెట్టెలోంచి తీసి కడిగి మేకుతో కొట్టి ఇచ్చేవాడు. ఆ పొట్టు కిటుకు అక్కడివాళ్ళు ఓడల్లో చేసిందే అని నాకేం తెలుసు. గుర్రంతో లాగించే కోతనాగలి ట్యూడర్ దగ్గర పనిచేసిన ఆ వైయెత్ కనిపెట్టాక దిమ్మలన్నీ ఒకే కొలతగా వచ్చి, సందు లేకుండా పేర్చడానికి వీలై, కరగడం తగ్గిందని రాసిన ముక్క బాగుంది, అలాంటివి ఇంకా రాయి. 1833లో టస్కనీ ఓడలో 180 టన్నులు ఎక్కిస్తే నాలుగు నెలల తర్వాత కలకత్తాలో సుమారు 100 టన్నులు దిగింది, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి కూడా! గవర్నర్ జనరల్ బెంటింక్ దొర వెండి కప్పు బహుమతి ఇచ్చాడుట. మంచుతోపాటు ఆపిల్ పళ్ళు కూడా పంపేవాళ్ళుట. నువ్వు పళ్ళు కొనుక్కుంటున్నావా, అక్కడ రేట్లు మండుతున్నాయంటున్నారు.

మద్రాసు ఐస్ హౌస్ అయితే నేను చూసిందే. పెద్దమ్మ వాళ్ళు ట్రిప్లికేన్‌లో ఉన్నప్పుడు ఆ గుండ్రటి బిల్డింగు ముందు నుంచి బీచికి నడిచేవాళ్ళం, 1897లో వివేకానందుడు దిగిన ఇల్లని దణ్ణం పెట్టుకునేవాణ్ణి. అది 1842లో ఈ ట్యూడర్ మంచు దాచడానికి కట్టింది అని, ఆ పేరు అందుకే వచ్చిందని నువ్వు చెప్పేదాకా తట్టలేదు. ఈసారి వెళితే మళ్ళీ చూస్తా.

నాకు బాగా పట్టుకున్నది కాఫీ వ్యవహారం. ఇటు కలకత్తా దారి తెరుచుకుంది, 1834లో యాభై ఏళ్ళ వయసులో యుఫీమియాని పెళ్ళి చేసుకున్నాడు, అంతా కుదురుకుందనుకుంటే ఆ రోజుల్లోనే కాఫీ రేటు మీద పందెం కాసి రెండు లక్షల డాలర్లకు పైగా అప్పు! తీర్చడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది, మన దేశంలో అమ్మిన మంచు డబ్బే చాలావరకు ఆదుకుంది. అప్పులవాళ్ళతో కూర్చుని నన్ను పని చేసుకోనివ్వండి, కడతాను అని ఒప్పించుకున్నాడు. పారిపోలేదు.

నేను పారిపోయా. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1996 తుఫానుకి ముందు, నువ్వు పుట్టకముందు, దస్తావేజుల మీద వచ్చేది చాలదని పాలగుమ్మి వైపు కొబ్బరి తోట లీజుకి తీసుకున్నా, నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి. తాతయ్యకి చెప్పలేదు. నవంబరు 6 రాత్రి గాలి కొట్టింది. పొద్దున చూస్తే చెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. అసలూ వడ్డీ కలిపి ఎనభై నాలుగు వేలు, అప్పటి ఎనభై నాలుగు వేలు. కాకినాడలో లాయరు దగ్గర పని దొరికిందని ఇంట్లో చెప్పి వెళ్ళిపోయా. పని నిజమే, జీతం ఎనిమిది వందలు. నెలకి ఐదొందలు ఇంటికి మనియార్డరు కట్టేవాణ్ణి, నేను బానే ఉన్నానని వాళ్ళు అనుకోవాలని. మిగిలిన దాంతో ఒక పూట తినేవాణ్ణి. సంక్రాంతికి కూడా వెళ్ళలేదు, పని ఉందని కార్డు ముక్క రాశా.

మార్చిలో ఒక మధ్యాహ్నం తాతయ్య వచ్చారు, బస్సుల్లో ఎప్పుడూ ఒక్కరే తిరగని మనిషి, రూము ఎలా కనుక్కున్నారో. చాప మీద కూర్చుని పంచె కొంగులోంచి నాలుగు మనియార్డరు కూపన్లు తీసి వరసగా పెట్టారు. పక్కన రెండు వేలు, కదపని డబ్బు. "డబ్బు వస్తోంది, నువ్వు రావట్లేదు. ఎంతరా?" అన్నారు. అంతే. ఎందుకు చేశావనీ అడగలేదు, ఎవరు చెప్పారో నాకూ చెప్పలేదు. ఎనభై నాలుగు అన్నా. ఎనభై నాలుగా అని గోడకి ఆనుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. నేను ఏడుస్తూనే ఉన్నా. తర్వాత లేచి, ముందు అన్నం తిందాం పద అన్నారు. మెయిన్ రోడ్డు మీద హోటల్లో ఆయన విస్తట్లో అప్పడం తీసి నా విస్తట్లో వేశారు, పెరుగు కప్పు కూడా. చెరువు గట్టు పావెకరం ఆ ఏడే అమ్మారు. మిగిలింది ఐదేళ్ళు కట్టాం, ఇద్దరం. ఆ పావెకరం ఏమైందని నువ్వు చిన్నప్పుడు అడిగితే రోడ్డుకి పోయిందని చెప్పాను.

నువ్వు మూడో తారీఖున పంపిన పదివేలు అకౌంట్లోనే ఉన్నాయి. అంతకుముందు నెలవీ ఉన్నాయి. నేను కదపలేదు.

గైడు మారితే మారాడు, స్టైపెండు ఆగితే ఆగింది, చదువు మధ్యలో ఉందని భయపడకు, ఆరోగ్యం ముందు. లోను తీసుకుని ఉంటే వడ్డీ ఎంతో చూసుకుని సంతకం పెట్టావా, ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుంటే కాగితం మీద రాసి పెట్టుకో, తారీఖు వెయ్యి, ఫ్రెండు ఇంట్లో ఉంటే వంటింటి ఖర్చు నీ వాటా ముందే ఇచ్చెయ్యి, మాట రాకుండా. ఇవన్నీ ఊరికే రాస్తున్నా, రాజ్యం చెప్పింది నిజమని కాదు. నా దగ్గర ఎల్ఐసీ డబ్బు ఉంది, మెచ్యూర్ అయింది, దానికి వేరే పనేం లేదు.

ట్యూడర్ బోస్టన్ దగ్గర నహాంట్‌లో చెట్లు పెంచిన సంగతి అమ్మకి చదివి వినిపించా. సముద్రపు గాలికి అక్కడ చెట్టు బతకదని అందరూ అంటే, ఎత్తుగా కంచెలు కట్టించి, మొక్క నిలదొక్కుకునేదాకా గాలి తగలకుండా కాశాడుట. అమ్మ విని, మన రెండో దొడ్డిలో కొత్త కొబ్బరి మొక్కలకి తాటాకు దడి కట్టించమంది. కట్టించా.

అమ్మ సున్నుండలు చేసింది, కందిపొడి, నువ్వు అడిగిన మాగాయ కూడా. శర్మగారి అబ్బాయి 19న బయల్దేరుతున్నాడు, రెండు కేజీలదాకా పట్టుకెళ్తానన్నాడు, బోస్టన్ వెళ్ళాక పోస్టులో పంపుతాడుట. డబ్బా మీద అడ్రసు రాయాలి. పాతదే రాయనా, కొత్తది ఉందా, అది చెప్పు. ఫోన్ అయితే ఎంత రాత్రైనా పర్లేదు, నేను లేచే ఉంటా.

నాన్న