పందికొక్కు ఓడెక్కిన సంగతి

చెన్నై, పెరంబూరు

చి. లలితకు అమ్మ ఆశీస్సులు.

మీ పెరట్లో పచ్చికంతా గుంటలు చేసి పోతున్న జంతువు ఫోటో చూశాను. పొడుగు మూతి, గూని నడుము, ముద్దుగానే ఉంది. దాన్ని పెర్త్‌లో క్వెండా అంటారనీ, ఇంగ్లీషులో బాండికూట్ అనీ, రెండూ అక్కడి ఆదివాసుల మాటలే అయి ఉంటాయనీ రాశావు. క్వెండా సంగతి నిజమే, అది నూంగర్ ప్రజల మాట. బాండికూట్ మాత్రం మనది తల్లీ. అచ్చమైన మన పందికొక్కు!

నువ్వు నవ్వుతావని తెలుసు. మంచి ఇంగ్లీషు నిఘంటువు ఏదైనా తీసి చూడు, పుట్టుక దగ్గర తెలుగు అని ఉంటుంది. మన దేశంలో ఇంగ్లీషువాళ్ల నోళ్లలో పడి నలిగిన మాటలను యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు పోగేసి, 1886లో హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు వేశారు. అందులోనూ ఇది తెలుగు మాటేననీ, పంది ఎలుక అని అర్థమనీ రాశారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు. ధాన్యం కొట్లకు ఈ మహాతల్లి చేసే సేవ ఎరిగే ఉంటాడు.

అపార్ట్‌మెంట్లలో పెరిగిన దానివి, అసలు పందికొక్కును నువ్వెప్పుడు చూశావు? మొన్న మా మెట్ల కింద గోడ పునాది పక్కన తవ్వి, తట్టెడు మట్టి బయట పోసింది. రాత్రి వాచ్‌మన్ టార్చి వేస్తే కదలకుండా నిలబడి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంది. పేరులో పంది ఎందుకు చేరిందో ఆ గుర్రు వింటే తెలిసిపోతుంది. బాగా బలిసినది కిలో దాకా తూగుతుంది.

పొద్దున ఈ ముచ్చట చెబితే పక్కింటి మామి పొట్ట పట్టుకుని నవ్వింది. తమిళంలో కొక్కు అంటే కొంగ కదా, మనవాళ్లు పందినీ కొంగనూ కలిపేశారనుకుంది! వాళ్లకు ఇది పెరుచ్చాళి. ప్రజల సొమ్ము మేసేవాళ్లను మనం పందికొక్కులంటే, వాళ్లు పెరుచ్చాళులంటారు. తిట్ల దగ్గర మాత్రం రెండు భాషలకూ పేచీ లేదు.

ఇక ఓడెక్కిన సంగతి. 1799లో జార్జ్ బాస్ అనే ఓడ వైద్యుడు ఆస్ట్రేలియాలో ఈ పొడుగు మూతి జంతువును బాండికూట్ అన్నాడు. టాస్మేనియాకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న జలసంధికి ఆయన పేరే పెట్టారు. ఇండియాలోని పెద్ద ఎలుకకు అప్పటికే ఉన్న పేరును తీసి దీనికి తగిలించారన్నమాట. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. మీ పెరటిది కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచే జాతి. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుందట, తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా. ఎంత ముందుచూపో! దొరల నోట్లో పంది కాస్తా బండి అయింది, కొక్కు కూటు అయింది. చెన్నైలో ఉన్నదాన్ని కనుక నాకైతే బండి మీద అమ్మే కూటులాగే వినిపిస్తుంది.

2018లో కేరళ ఇంజనీర్లు మనుషులు దిగనక్కర లేకుండా మ్యాన్‌హోల్ శుభ్రం చేసే యంత్రం తెచ్చి, దానికీ బాండికూట్ అనే పేరు పెట్టారు. ఊరంతా తిరిగి వచ్చి మళ్లీ మన మురుగుకాలువలోనే దిగింది, చూశావా. ఇన్ని పేర్లలో నాకు నచ్చినది ఇదే.

తమిళ కట్టుమరం ఇంగ్లీషులో కాటమరాన్ అయిందని మామి ఎప్పుడూ గొప్పలు పోతుంటుంది. ఇప్పుడు మీ నాన్నగారికి ఊపొచ్చి, గోడౌన్ కూడా మన గిడ్డంగేనని వాదనకు దిగారు. అది మలయ్ భాషలోని గుడాంగ్ మీదుగా వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. దాని వెనక మన గిడ్డంగి ఉందో తమిళుల కిడంగు ఉందో తేల్చకుండా రెండూ రాసి ఊరుకుంటాయి. ఆదివారం నువ్వు ఫోను చేసే వేళకు మామి కూడా ఇక్కడే ఉంటుంది. ఎవరి పక్షమో ముందే ఆలోచించుకో.

అమ్మ